పన్నెండో గడి

ఫిబ్రవరిలో లాటన్ ఊళ్ళో గాలికి వేరే పని ఉండదు,
చెత్తడబ్బాల మూతలు ఎత్తి చూసి వదిలేస్తుంటుంది.
ఫిరంగి దళం వారి పాత లైబ్రరీలో
పిల్లల పుస్తకాల అరల మధ్య నాలుగు బల్లలేశారు మాకు.
పన్ను పత్రాలు ఊరికే నింపిపెట్టే ముసలాళ్ళం.
నా చొక్కా మీద చీటీ:
వెర్లిన్, సప్లై సార్జెంట్, రిటైర్డ్.
ఇరవై రెండేళ్ళు దుప్పట్లు లెక్కపెట్టినవాణ్ణి,
అంకెలు నన్నేం చేస్తాయి.

రేంజ్‌లో ఫిరంగి పేలినప్పుడల్లా
కిటికీ అద్దాలు పళ్ళు కొరుకుతాయి.
ఎవరూ తలెత్తరు.

టోకెన్ ముప్పై ఒకటి, మార్లిస్ హాకెట్.
చంకలో పిల్లాడు, వాడి చేతిలో ఒంటి బూటు,
జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో ఏడాది కాపురం:
డే కేర్ రసీదులు, బ్యాంకు వడ్డీ పదకొండు డాలర్లు,
శాన్ ఆంటోనియో దాకా పెట్రోలు బిల్లులు,
వాటి వెనక పెన్సిల్‌తో నర్సుల పేర్లు.

"మీ ఆయన రాలేదా?"
"కారులో ఉన్నాడు.
అద్దాలు మోగే చోటికి రాడు."

డబ్ల్యూ-టూ తిప్పి నా ముందు పెట్టింది.
"మొదటి గడిలో రెండు నెలల జీతమే ఉంది. తప్పు పడిందా?"
"లేదమ్మా. పన్నెండో గడి చూడు, క్యూ అక్షరం పక్కన.
యుద్ధ ప్రాంతంలో సంపాదించింది అక్కడ వేస్తారు.
పన్ను దాని జోలికి రాదు."

వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది.
"మార్చిలో వెళ్ళాడు, జూన్‌లోనే తెచ్చేశారు.
ఇందులో డిసెంబరు దాకా ఉందే.
తర్వాత వెనక్కి లాక్కుంటారు.
ఒకసారి ఇంటి భత్యం ఎక్కువిచ్చి
ఎనిమిది నెలలు జీతంలో కోశారు."

ఆ భయం నాకు తెలుసు.
పొరపాటున ఇచ్చింది సర్కారు మరిచిపోదు.

పుస్తకం తీసి వేలు పెట్టి చూపించాను.
అక్కడ తగిలిన గాయానికి
ఆసుపత్రిలో ఉన్న నెలలు కూడా
అక్కడ ఉన్నట్టే లెక్క.
నెలలో ఒక్క రోజున్నా నెలంతా ఉన్నట్టే.
"ఎప్పుడు పంపించారు ఇంటికి?"
"డిసెంబరు రెండు."
"అయితే డిసెంబరంతా."

చాలాసేపు ఆ వాక్యం మీంచి చూపు తియ్యలేదు.
"నేను స్పూనుతో జెల్లీ తినిపిస్తున్నప్పుడు
ఇతనింకా అక్కడే ఉన్నాడని
వీళ్ళు రాసుకున్నారన్నమాట."
"చట్టం అలాగే అంటుంది."
"నేనూ అదే అన్నాను డాక్టర్లతో.
ఒక్కరూ రాసుకోలేదు."

పిల్లాడు నా స్టేప్లర్‌కి బూటు తొడుగుతున్నాడు.

"ఇంకొకటి," అన్నాను.
"ఈ క్యూ సొమ్ముని కావాలంటే సంపాదనలో చూపొచ్చు,
వద్దంటే పక్కన పెట్టొచ్చు. పన్ను ఎలాగూ పడదు.
రెండు విధాలా వేసి చూశాను,
చూపిస్తే పిల్లాడి మీద వచ్చే క్రెడిట్ పెరుగుతుంది.
కలుపుతావా, వదిలేస్తావా? నీ ఇష్టం."
అలా అడిగి, నేనే కాస్త ఆగాను.
నన్నెవరైనా అడిగి ఉంటే
ఏ ఏడాదీ కలిపేవాణ్ణి కాదు.

"కలపండి," అంది. "అంతా కలపండి.
మరి జనవరి నుంచి?"
"జనవరి నుంచి మామూలే. జీతంలో పన్ను పట్టుకుంటారు.
ఇంటికొచ్చేసినట్టు లెక్క."

నవ్వింది. ఆ సాయంత్రం ఆ గదిలో
ఎవరైనా నవ్వడం అదే మొదలు.
"ఆ ముక్క ఉన్న కాగితం ఇంకో కాపీ తియ్యండి,
అతనికి చూపించాలి.
ఇంతవరకూ తెలిసినట్టు లేదు."

ఇద్దరూ సంతకం పెట్టాలి.
నా కలం, నా అట్ట తీసుకుని
పిల్లాణ్ణి నా దగ్గరే వదిలి బయటికెళ్ళింది.
కిటికీలోంచి చూశాను:
కారు అద్దం సగం దిగింది,
ఒక చెయ్యి బయటికొచ్చి అట్ట అందుకుంది.
సరిగ్గా అప్పుడే రేంజ్ వైపు నుంచి మోత.

కాగితం తిరిగొచ్చింది.
ట్రేస్ హాకెట్ అన్న పేరు చివరి అక్షరం
గీత దాటి, తేదీ దాటి,
మార్జిన్ దాకా వెళ్ళి ఆగింది.
దిద్దించలేదు. స్కానర్లో పెట్టాను.
పిల్లాడి కాలికి బూటు తొడిగి, తాడు కట్టి,
ముప్పై రెండు అని పిలిచాను.